మన ఒంట్లోని కాపలా
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ మీటింగులో పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, వడ్డీ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక గ్రూపు ఆరోగ్యం గురించి మాట్లాడాలని కమిటీ అడిగితే మేము ముందుకొచ్చినం. ఎందుకంటే అప్పుల రిజిస్టర్‌లో 'అప్పు దేనికోసం' అని ఒక కాలమ్ ఉంటుంది కదా. అందులో పిల్లల ఫీజు, ఇంటి అడ్వాన్సు, కుట్టుమిషను అని ఉన్నట్టే 'దవాఖాన ఖర్చు' అని కూడా చాలాసార్లు కనపడుతుంది. అంటే రోగం గురించి తెలుసుకోవడం కూడా పొదుపు పనే.

మేము డాక్టర్లం కాదు, పదో తరగతి చదివినవాళ్ళం. పుస్తకంలో చదివింది, ఏఎన్‌ఎం మేడమ్‌ను, బస్తీ దవాఖాన డాక్టరమ్మను అడిగి తెలుసుకుంది మన మాటల్లో చెప్తాం. రోగం వచ్చినప్పుడు మన ఒళ్ళు తనంతట తాను ఎట్లా కొట్లాడుతుంది, ఆ కొట్లాటలో మనం చేయాల్సింది ఏంది, చేయకూడనిది ఏంది అన్నదే ఈ రోజు మాట.

మనలో చాలామంది పొద్దున్నే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బంగళాలకు పనికి పోతాం. ఆ ఇళ్ళకు కాపలా ఎట్లుంటదో మనకు బాగా తెలుసు. ముందు ఎత్తైన గోడ. తర్వాత గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. కొత్త మనిషి పోతే ఆపుతాడు, పేరు రాయించుకుంటాడు, లోపలికి ఫోన్ చేస్తాడు. మన ఒంట్లో కూడా అచ్చం ఇట్లాగే మూడు వరుసల కాపలా ఉంది.

మొదటి వరుస గోడ. అది మన చర్మం. తెగనంతవరకు దాన్ని దాటి లోపలికి పోవడం చాలా క్రిములకు చేతకాదు. కళ్ళు, నోరు, ముక్కు ఈ గోడకున్న గేట్లు. అక్కడ కూడా కాపలా ఉంది. కన్నీళ్ళలో, ఉమ్మిలో క్రిములను చంపే పదార్థం ఉంటుంది. ముక్కులో చీమిడి, గొంతులో కళ్ళె దుమ్మును, క్రిములను అతికించి పట్టుకుంటాయి. ఊపిరి గొట్టాల లోపల కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది. అది ఆ కళ్ళెను చీపురుతో ఊడ్చినట్టు పైకి నెడుతుంది. బీడీ, సిగరెట్ పొగ తగిలితే ఆ చీపురు సరిగా పనిచేయదు. ఇన్ని దాటుకుని కడుపులోకి పోయిన క్రిములను అక్కడున్న ఆమ్లం చాలావరకు చంపేస్తుంది. తినేముందు చేతులు కడుక్కోమని, తెగిన చోట సబ్బునీళ్ళతో కడగమని ఊరికే చెప్పరు. గోడకు గండి పడితే పూడ్చే పని అది.

రెండో వరుస వాచ్‌మన్లు. అవి తెల్ల రక్తకణాలు. మన ఎముకల లోపలి మూలుగలో పుట్టి రక్తంలో తిరుగుతూ ఉంటాయి. కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. అది రోగం కాదు, అక్కడికి రక్తం ఎక్కువ పారి తెల్లకణాలు పరుగున చేరడం వల్ల వచ్చే వాపు. అవి క్రిములను మింగేస్తాయి. అట్లా మింగి చచ్చిపోయిన కణాలు, చచ్చిన క్రిములు కలిసిందే చీము. చీము చూసి అసహ్యపడతాం గానీ, అది మన తరఫున కొట్లాడి పోయినవాళ్ళ గుర్తు.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందని మన పెద్దవాళ్ళు అంటారు. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళలు తగులుతాయి. అవి మన ఒంట్లోని పోలీస్ స్టేషన్ల లాంటివి. దొరికిన క్రిమి ముక్కను మోసుకుని కణాలు అక్కడికి పోయి చూపిస్తాయి. అక్కడ పని ఎక్కువైతే బిళ్ళ ఉబ్బుతుంది. పుండు మానినాక అదే తగ్గుతుంది. వారాలు గడిచినా తగ్గని బిళ్ళను మాత్రం డాక్టరుకు చూపించాలి.

జ్వరం కూడా కాపలాలో భాగమే. క్రిమి వచ్చిందని కబురు అందగానే మెదడు ఒంటి వేడిని పెంచుతుంది. ఆ వేడిలో చాలా క్రిములు తొందరగా పెరగలేవు, మన కణాలు చురుగ్గా పనిచేస్తాయి. అందుకే జ్వరం రాగానే గంటలో దిగిపోవాలని ఆరాటపడొద్దు. ఒళ్ళు నొప్పులు భరించలేకపోతే పారాసిటమాల్ వేసుకోవచ్చు, నీళ్ళు బాగా తాగాలి, పడుకోవాలి. మూడో రోజుకీ తగ్గకపోయినా, పసిపిల్లలకు వచ్చినా, గర్భిణికి వచ్చినా ఆగకుండా దవాఖానకు పోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రేపు పనికి పోకపోతే కూలి పోతుందని, ఒక్క సూదితో జ్వరం దించమని మనమే అడుగుతాం. అట్లా అడిగిన చోట కొందరు స్టెరాయిడ్ సూది వేస్తారు, స్టెరాయిడ్ గోలీ ఇస్తారు. వెంటనే హాయిగా ఉంటుంది. ఎందుకంటే స్టెరాయిడ్ కాపలాను జోకొట్టి పడుకోబెడుతుంది. గొడవ ఆగింది గానీ దొంగ లోపలే ఉన్నాడు. కొన్ని రోగాలకు స్టెరాయిడే సరైన మందు, అది డాక్టరు చూసి ఇవ్వాలి. యాంటీబయాటిక్ కూడా అంతే. అది బ్యాక్టీరియా అనే క్రిములకే పనిచేస్తుంది. జలుబు, డెంగ్యూ లాంటివి వైరస్‌తో వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్‌కు బలం లేదు. మెడికల్ షాపులో అడిగి రెండు రోజులు వేసుకుని మానేస్తే క్రిములు ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయి. అసలు అవసరం వచ్చిన రోజున మందు పనిచేయదు.

మూడో వరుస కాపలా అన్నిటికంటే తెలివైంది. ఈ కణాలకు ఒక్కోదానికి ఒక్కో ఆకారం మాత్రమే గుర్తుపట్టడం వస్తుంది. ఒక్కో తాళంచెవికి ఒక్కో తాళమే తెరుచుకున్నట్టు. అట్లాంటివి మన ఒంట్లో కోట్లు ఉంటాయి. కొత్త క్రిమి వచ్చినప్పుడు ఈ కోట్లలో సరిపోయే కణం ఎక్కడుందో వెతకాలి, అది ఒకటి రెండై, రెండు నాలుగై సైన్యం కావాలి. కొన్ని కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి పోయి క్రిమికి అంటుకుని దాన్ని కదలనీయవు. ఇంకొన్ని కణాలు క్రిమి దూరిన మన కణాలను వెతికి చంపుతాయి. ఇదంతా తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వారంలో క్రిమి ముందుపడుతుందా, మన సైన్యం ముందుపడుతుందా అన్నదాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

గెలిచాక సైన్యంలో చాలామంది వెళ్ళిపోతారు. కొందరు మాత్రం ఆ దొంగ ముఖాన్ని గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతారు. అదే క్రిమి మళ్ళీ వస్తే ఈసారి వారం పట్టదు, రోగం బయటపడకముందే పట్టేస్తారు. తట్టు ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాకపోవడానికి కారణం ఇదే. మరి జలుబు మాటిమాటికీ ఎందుకు వస్తుందని అడగొచ్చు. జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైగా రకాలు ఉన్నాయి. ప్రతిసారీ కొత్త ముఖమే.

పుట్టిన బిడ్డకు ఈ రిజిస్టర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. అందుకే తల్లి తన దగ్గరున్న యాంటీబాడీలు కొన్ని కడుపులో ఉన్నప్పుడే బిడ్డకు పంపుతుంది. పుట్టినాక ముర్రుపాలతో ఇంకొన్ని ఇస్తుంది. ఆ పసుపు పచ్చని పాలు పిండి పారబోయించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. దాన్ని మించిన మందు ఏ షాపులోనూ దొరకదని మన కోడళ్ళకు, కూతుళ్ళకు చెప్పాలి. పుట్టిన గంటలోపే పాలు పట్టించాలి.

తల్లి ఇచ్చిన ఈ కాపలా కొన్ని నెలలే ఉంటుంది. ఆ తర్వాత బిడ్డ సొంతంగా నేర్చుకోవాలి. రోగం వచ్చి నేర్చుకోవడం ఒక దారి, కానీ ఆ దారిలో ప్రాణం పోవచ్చు. రెండో దారి టీకా. దొంగ రాకముందే వాడి ఫొటో గేటు దగ్గర అతికించినట్టు అనుకోండి. చంపేసిన క్రిమినో, బలం తీసేసిన క్రిమినో, క్రిమిలో ఒక ముక్కనో ఒంట్లోకి పంపుతారు. ఒళ్ళు దాన్ని చూసి సైన్యం తయారుచేసుకుని గుర్తుపెట్టుకుంటుంది. టీకా వేసిన రాత్రి పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే అది కణాలు పాఠం నేర్చుకుంటున్నాయన్న గుర్తు.

మన నానమ్మల జబ్బ మీద పెద్ద గుంటలాంటి మచ్చ చూసే ఉంటారు. అది మశూచి టీకా మచ్చ. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే డాక్టరు 1796లో ఆవులకు వచ్చే పొక్కుల రసం ఒక పిల్లవాడికి ఎక్కించి, మశూచి రాకుండా ఆపొచ్చని చూపించాడు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. ప్రపంచంలోనే మశూచి లేదని 1980లో ప్రకటించారు. అందుకే తర్వాత పుట్టినవాళ్ళకు ఆ మచ్చ లేదు. ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసిన రోగం మన పిల్లలకు పేరు కూడా తెలియకుండా పోయింది.

టీకాలు ఎక్కడో విదేశాల్లో తయారవుతాయని అనుకోవద్దు. మన హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాలు ప్రపంచమంతా పోతున్నాయి. పసిపిల్లలకు నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ చుక్కలు 2015లో విడుదలయ్యాయి. ఆ టీకా పుట్టిన కథ వినదగ్గది. ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు పసిబిడ్డలకు ఒక రకం రోటా వైరస్ సోకినా విరేచనాలు కాలేదు. రోగం చేయకుండానే కాపలాకు పాఠం నేర్పుతున్న ఆ వైరస్‌ను తీసుకునే ఈ చుక్కలు చేశారు.

కరోనా కాలం మనం ఎవరం మరిచిపోలేదు. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు, కాస్ట్యూమ్ వాళ్ళు, ప్రొడక్షన్ వంటవాళ్ళు ఒక్కసారిగా ఖాళీగా కూర్చున్నారు. బంగళాల్లో పనివాళ్ళను రావద్దన్నారు. చిరంజీవి గారు ముందుండి పెట్టిన కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికుల ఇళ్ళకు సరుకులు పంపింది, 2021లో వాళ్ళకు టీకాలు కూడా వేయించింది. దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. మనలో చాలామంది వేయించుకున్న కోవాగ్జిన్ హైదరాబాద్‌లో తయారైందే. అందులో ఉన్నది చంపేసిన కరోనా వైరస్. పిల్లలకు వేసిన కార్బెవాక్స్ కూడా ఇక్కడి బయోలాజికల్ ఇ కంపెనీదే. అందులో వైరస్ ముల్లులోని ఒక ముక్క మాత్రమే ఉంటుంది. టీకా వేసుకున్నా కరోనా వచ్చింది కదా అని అన్నవాళ్ళు ఉన్నారు. వైరస్ వేషం మార్చుకుంటూ వచ్చింది కాబట్టి గేటు దాటింది. కానీ లోపలున్న కాపలా గుర్తుపట్టి కొట్లాడింది కాబట్టి ఆక్సిజన్ దాకా పోయేవాళ్ళు బాగా తగ్గారు.

ఒక్కరి టీకా ఒక్కరికే అనుకోవద్దు. చుట్టుపక్కల అందరికీ టీకా ఉంటే క్రిమికి నడిచే దారి దొరకదు. అప్పుడే పుట్టిన బిడ్డకు, క్యాన్సర్ మందులు వాడుతున్న మనిషికి అదే రక్ష. 2016లో మన నగరంలో అంబర్‌పేట మురుగునీటిలో పోలియో వైరస్ ఒక రకం దొరికింది. పిల్లలెవరికీ పోలియో రాలేదు, నీళ్ళలో మాత్రమే దొరికింది. అయినా సర్కారు ఆగలేదు. ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో లక్షల మంది పిల్లలకు పోలియో సూది టీకా వేశారు. ఒక్క నాలాలో జాడ కనపడితే అంత పని చేశారంటే, మన ఇంట్లో ఒక డోసు తప్పిపోవడం చిన్న విషయం కాదని అర్థం చేసుకోవాలి.

మన బస్తీలలో డోసులు ఎక్కడ తప్పుతున్నాయో మేము కార్డులు చూసినం. పుట్టినప్పుడు వేసేవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేవి దాదాపు అందరూ వేయిస్తున్నారు. తొమ్మిది నెలలు దాటాక వేసే తట్టు టీకా కూడా వేయిస్తున్నారు. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన రెండో తట్టు టీకా, బూస్టరు దగ్గర తప్పుతున్నారు. అద్దె ఇల్లు మారతాం, పిల్లను ఊరికి పంపుతాం, కార్డు ఎక్కడో పోతుంది. ఐదేళ్ళకు, పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసేవి అసలు ఉన్నాయనే చాలామందికి తెలియదు. తట్టు మాములు రోగమని తీసేయొద్దు. తట్టు వైరస్ అంతకుముందు మన కాపలా రాసుకున్న రిజిస్టర్‌లో పేజీలు చింపేస్తుంది. తట్టు తగ్గిన పిల్లకు తర్వాత చాలాకాలం వేరే రోగాలు సులభంగా పట్టుకుంటాయి.

అన్ని రోగాల్లో ఒళ్ళు ఒకే తీరుగా గెలవలేదు. మనకు ఇంటి దగ్గరే ఎదురయ్యే మూడు రోగాల గురించి చెప్తాం.

మొదటిది కుక్క కాటు. రేబిస్ వైరస్ రక్తంలో తిరగదు. కరిచిన చోట నుంచి నరం పట్టుకుని నెమ్మదిగా మెదడుకు పోతుంది. అందుకే కాపలాకు అది కనపడదు. మెదడుకు చేరి లక్షణాలు బయటపడితే మనిషి దాదాపు బతకరు. అయితే ఆ ప్రయాణానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఆ సమయమే మన చేతిలో ఉంది. వెంటనే టీకా వేస్తే, వైరస్ మెదడుకు చేరేలోపు సైన్యం తయారవుతుంది. గాయం లోతుగా ఉంటే సైన్యం తయారయ్యేదాకా ఆగకుండా, తయారైన యాంటీబాడీలనే గాయంలోకి సూదితో ఇస్తారు. కరవగానే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. అదే రోజు దవాఖానకు పోవాలి. నారాయణగూడలోని ఐపీఎంలో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో సర్కారు టీకా ఉంటుంది. మొదటి రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు అని వాళ్ళు రాసిచ్చిన తేదీలు ఒక్కటి కూడా తప్పొద్దు.

రెండోది డెంగ్యూ. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్ళీ రాదు. కానీ రెండోసారి ఇంకో రకం వస్తే ప్రమాదం ఎక్కువ. పాత యాంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా దాన్ని మన కణాల లోపలికే మోసుకుపోతాయి. పాత పనిమనిషి వెంట వచ్చింది కదా అని వాచ్‌మన్ దొంగను లోపలికి వదిలినట్టు. అందుకే ఒకసారి వచ్చింది, ఇక భయం లేదని అనుకోవద్దు. జ్వరం దిగిపోయే రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తు కనపడితే క్షణం ఆగకుండా దవాఖానకు పోవాలి. నొప్పి గోలీలు ఇష్టం వచ్చినట్టు వేసుకోవద్దు, పారాసిటమాల్ ఒక్కటే. ఈ దోమ పగలు కుడుతుంది, మనం నిల్వ చేసుకునే మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు అని 2020లో మున్సిపల్ వాళ్ళు ఇంటింటికీ చెప్పిన మాట గుర్తుందా? డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల నీళ్ళు పారబోయడానికి ఇప్పటికీ ఆ 10 నిమిషాలు చాలు.

మూడోది టీబీ. మేము ఎక్కువసేపు చెప్పాలనుకున్నది దీని గురించే.

టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లోకి పోగానే తెల్లకణాలు దాన్ని మింగుతాయి. కానీ అది మొండిది, లోపల కూడా బతుకుతుంది. అప్పుడు కణాలన్నీ చుట్టూ చేరి గోడ కట్టినట్టు దాన్ని బంధిస్తాయి. అట్లా బందీగా ఏళ్ళకేళ్ళు ఉండిపోతుంది. క్రిమి సోకిన వందమందిలో తొంభై మందికి పైగా జీవితమంతా రోగం రాకుండానే ఉంటారు. కాపలా సడలినప్పుడు మాత్రం అది బయటికొస్తుంది. తిండి చాలకపోతే, షుగర్ అదుపులో లేకపోతే, పొగ తాగితే, హెచ్ఐవీ ఉంటే కాపలా సడలుతుంది. హెచ్ఐవీ చేసే పని కాపలా పెద్దలనే చంపడం. దానికి కూడా సర్కారు దవాఖానలో మందులు ఉచితం, అవి రోజూ వాడితే కాపలా తిరిగి నిలబడుతుంది.

మా బస్తీలో ఒక చెల్లె ఉంది, పేరు చెప్పం. రెండు ఇళ్ళల్లో గిన్నెలు తోమేది. నెల దాటినా దగ్గు తగ్గలేదు, బరువు తగ్గింది. కళ్ళె పరీక్షలో టీబీ అని వచ్చింది. ఇళ్ళవాళ్ళకు తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. తగ్గిపోయిందనుకుంది. మందు తెచ్చుకోవడానికి పోయిన రోజు కూలి పోతుంది కదా, మానేసింది. కొన్ని నెలలకు మళ్ళీ దగ్గు, ఈసారి రక్తంతో. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో మందు మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఆ నెలల్లో ఆమె కిస్తీలు ఆగాయి. రూలు ప్రకారం జరిమానా పడింది. మీటింగుకు రావడమే మానేసింది.

రెండు నెలలకు దగ్గు తగ్గడం నిజమే. మందు చాలా క్రిములను చంపింది. కానీ నిద్రపోతున్న క్రిములు కొన్ని మిగులుతాయి. వాటి కోసమే ఆరు నెలలు. మధ్యలో మానేస్తే మిగిలినవి మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇంకో నిజం కూడా అందరూ వినాలి. సరైన మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే చాలామంది నుంచి ఇతరులకు అంటడం బాగా తగ్గిపోతుంది. అంటే భయపడాల్సింది మందు వాడుతున్న మనిషిని చూసి కాదు, పరీక్ష చేయించుకోకుండా దాచుకున్న దగ్గును చూసి.

తిండి సంగతి. జార్ఖండ్‌లో టీబీ ఉన్నవాళ్ళ ఇళ్ళకు రేషన్ ఇచ్చి చూశారు. ఇంట్లోవాళ్ళకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. 2023లో ఫలితం చెప్పారు. ఆ తిండి అందిన ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ముఖ్యంగా బియ్యం, పప్పే. కాపలావాడికి కూడా కడుపు నిండాలి కదా. సర్కారు టీబీ ఉన్నవాళ్ళ బ్యాంకు ఖాతాలో నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. మందులు, పరీక్షలు ఉచితం. ఖాతా నంబరు ఇవ్వక ఆ పైసలు పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు డబ్బాల సంగతి. కరోనా నుంచి ఇమ్యూనిటీ పెంచుతామని పొడులు, చుక్కలు, జ్యూసులు ఇంటింటికీ వస్తున్నాయి. మన సభ్యులు కొందరు గ్రూపు అప్పు తీసుకుని మరీ కొన్నారు, ఇంకొందరిని కొనమని అడిగారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, పిల్లల కోసమని ఎవరు చెప్పినా తల్లి మనసు ఆగదు. కానీ కాపలా ఎక్కువైతే మంచిదనే మాటే నిజం కాదు. కాపలా ఎక్కువై దుమ్ముకు, పుప్పొడికి కూడా కత్తి దూస్తే అలర్జీ, ఉబ్బసం. సొంత ఇంటివాళ్ళనే దొంగలనుకుని కొడితే కొన్ని రకాల కీళ్ళవాతం. కరోనాలో కొందరి ఊపిరితిత్తులు పాడైంది వాళ్ళ కాపలా అదుపు తప్పి చెలరేగడం వల్ల కూడా. కాపలాకు కావాల్సింది బలుపు కాదు, గుర్తు, తిండి, నిద్ర. పసుపు పాలు తాగొద్దని, మిరియాల కషాయం వద్దని మేము అనం, గొంతుకు హాయిగానే ఉంటుంది. కానీ డబ్బాకు పెట్టే పైసలతో నెలంతా గుడ్డు, పప్పు, ఆకుకూర, సీజన్ పండు వస్తాయి.

చివరగా, మా గ్రూపు తరఫున ఈ సభ ముందు నాలుగు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి గ్రూపులో మూడు నెలలకొకసారి పొదుపు పుస్తకాలతో పాటు పిల్లల టీకా కార్డులు కూడా మీటింగుకు తేవాలి. ఆర్పీ అక్క, ఆశా అక్క కలిసి చూసి, తప్పిన డోసు ఉంటే బుధవారం, శనివారం టీకా రోజుల్లో వేయించాలి. కార్డు ఫొటో తల్లి ఫోన్లో, గ్రూపు లీడర్ ఫోన్లో ఉండాలి.

రెండు, రెండు వారాలకు మించి దగ్గు ఉన్న సభ్యురాలిని గ్రూపులో ఇంకో సభ్యురాలు తోడుండి పరీక్షకు తీసుకుపోవాలి. ఆ విషయం వాళ్ళిద్దరి మధ్యే ఉండాలి, మినిట్స్ పుస్తకంలో పేరు రాయొద్దు.

మూడు, ఇమ్యూనిటీ పొడులు, డబ్బాలు అమ్మడానికి మన మీటింగులో చోటు ఇవ్వొద్దు, వాటి కోసం గ్రూపు అప్పు ఇవ్వొద్దు.

నాలుగోది మాకు అన్నిటికంటే ముఖ్యమైంది. టీబీ మందు వాడే ఆరు నెలలు ఆ సభ్యురాలికి కిస్తీ ఆలస్యమైతే జరిమానా వేయొద్దు. మీటింగుకు రాకపోయినా సభ్యత్వం పోకూడదు. అసలు మాఫీ చేయమని అడగడం లేదు, గడువు మాత్రమే అడుగుతున్నాం. జరిమానా భయంతో ఒక మనిషి మందు మానేస్తే, ఆ దగ్గు ఆమె ఒక్కదాని ఇంట్లోనే ఆగదు. పక్కపక్కన గోడలున్న మన ఇళ్ళన్నిటికీ పోతుంది. ఆ చెల్లె ఇప్పుడు మందు పూర్తి చేసింది, బాగుంది, పనికి పోతున్నది. ఆమె బాకీ కూడా కడుతున్నది. ఆమెపై పడ్డ పాత జరిమానా కూడా ఈ తీర్మానంలో కలిపి తీసేయాలని మా గ్రూపు కోరుతున్నది.

ఈ నాలుగింటి మీద ఎవరికి అభ్యంతరం ఉన్నా లేచి చెప్పండి, చర్చిద్దాం. లేకుంటే చేతులెత్తి ఆమోదించండి.